పదిహేడో ప్రశ్నకు జవాబు

కల్లంలో పరిచిన మిరపకాయల మధ్య కూర్చుని తాలుకాయలు ఏరుతుండగా, ఎలీసమ్మ తన పెద్దకొడుకు వయసు చెప్పబోయి ఒక మాట అన్నది.

"మావోడికి ఇరవై మూడు నిండినై. మీ నాయన జైలు నుంచి వచ్చిన నెల్లోనేగా వాడు పుట్టింది."

నాగజ్యోతి చెయ్యి ఆగిపోయింది.

ఎలీసమ్మ ఆ మాట గుచ్చి అనలేదు. వాళ్ళ ఊళ్ళో వయసులు అలాగే లెక్కగడతారు. గాలివాన వచ్చిన ఏడు, కాలవకి నీళ్ళు వదలని ఏడు, పత్తి మొత్తం పురుగు తిన్న ఏడు. ఆమెకి ఇదీ అలాంటి గుర్తే. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి మిరపకోతలకి వస్తున్న మనిషి, ఇంట్లో పిల్లకి ఆ సంగతి తెలియదని ఎందుకనుకుంటుంది?

"ఎవరు జైలు నుంచి వచ్చింది ఎలీసమ్మక్కా?"

ఎలీసమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా నాగజ్యోతి తల్లి రాజ్యం చేతిలో చేట కదలడం మానేసింది. ఎలీసమ్మకి విషయం అర్థమైంది.

"నోటికేదో వచ్చిందిలేమ్మా" అంటూ నీళ్ళ బిందె వైపు లేచి వెళ్ళింది.

నాగజ్యోతి తల్లి పక్కకి జరిగి కూర్చుంది. "నిజమా అమ్మా?"

రాజ్యం చేట కింద పెట్టింది. "నిజమే. ఎందుకు, ఏంటి అని నన్నడగొద్దు. మీ నాన్ననే అడుగు."

ఇంకో ఇంట్లో అయితే అది పాత సంగతి, విని ఊరుకునేదే. కానీ నాగజ్యోతి సరిగ్గా పదిహేను రోజుల క్రితం ఒక ఫారం నింపి, సంతకం చేసి, తన యూనిట్‌లో ఇచ్చి సెలవు మీద ఇంటికి వచ్చింది.

ఆమెకి పాతికేళ్ళు. సైన్యంలో లాన్స్ నాయక్. ఆడపిల్లల్ని మిలిటరీ పోలీసులో జవాన్లుగా తీసుకున్న మొదటి బ్యాచ్‌లో చేరింది. నాలుగేళ్ళుగా మధ్యప్రదేశ్‌లో ఒక కంటోన్మెంటులో పని చేస్తోంది. గేటు డ్యూటీ, ట్రాఫిక్ డ్యూటీ, సెలవు దాటి రాని జవాన్ల కోసం వెతకడం, ఇవే ఆమె పనులు. కిందటి ఏడు ఒకరోజు గేటు దగ్గర ఒక కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ పాసు చేతిలోకి తీసుకుని, అతన్ని పక్కన నిలబెట్టింది. పాసు మీద రబ్బరు ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. పడింది కూడా. కానీ ఫొటో మీది గీత, కాగితం మీది గీత కలవలేదు. వెంట్రుకవాసి తేడా. అంతకు ముందు నెల రోజులుగా అదే పాసుతో అతను లోపలికి వెళ్ళి వస్తున్నాడు. విచారిస్తే ఆ పాసు ఇంకొకరిదనీ, ఫొటో మార్చారనీ తేలింది.

రెండు రోజుల తర్వాత మామూలు బట్టల్లో ఒక మేజరు వచ్చి ఆమెతో అరగంట మాట్లాడాడు. వెళ్ళేటప్పుడు, "మా దగ్గరికి బదిలీకి దరఖాస్తు పెట్టు. రావడం తేలిక కాదు, అయినా పెట్టు" అన్నాడు. ఆయనది కౌంటర్ ఇంటెలిజెన్స్. సైన్యంలోకి శత్రువు మనుషులు చొరబడకుండా, లోపలి మనుషులు బయటివాళ్ళకి లొంగిపోకుండా కనిపెట్టి ఉండే విభాగం.

ఆరోజు నుంచి నాగజ్యోతికి అదే ధ్యాస. డ్యూటీ అయ్యాక ఇంగ్లీషు చదువుకుంది. హిందీలో రిపోర్టులు రాయడం నేర్చుకుంది. తర్వాత ఇరవై రెండు పేజీల ఫారం వచ్చింది. తాతల పేర్లు, మేనమామల ఊర్లు, పదేళ్ళుగా వాడిన ఫోన్ నంబర్లు, అన్నీ అడిగారు. పదిహేడో ప్రశ్న ఇది: మీరు గానీ, మీ కుటుంబంలో ఎవరైనా గానీ ఎప్పుడైనా అరెస్టయ్యారా? ఏదైనా క్రిమినల్ కేసు నడిచిందా?

ఆ ఒక్క ప్రశ్నకీ ఆమె ఆలోచించలేదు. "లేదు" అని రాసి పేజీ తిప్పింది.

తండ్రి బుల్లయ్య బోరు దగ్గర స్ప్రేయరు కడుగుతున్నాడు. తెల్లవారగానే మొదలుపెట్టి మిరపతోటలో నల్లతామర పురుగుకి మందు కొట్టి వచ్చాడు. ముక్కుకి కట్టుకున్న తుండు ఇంకా మెడలోనే వేలాడుతోంది. కూతురు గట్టు మీద నడిచి రావడం చూసి, "ఎండలో నువ్వెందుకొచ్చావ్" అన్నాడు.

"నాన్నా, నువ్వు జైలుకెళ్ళావా?"

బుల్లయ్య నీళ్ళు కట్టేశాడు. ఎవరు చెప్పారని అడగలేదు. స్ప్రేయరు బోర్లించి, చేతులు తుడుచుకుని, గట్టు మీద కూర్చున్నాడు. ఆమె కూడా కూర్చుంది. ఎదురుచూసింది. తొందరపెడితే ఆయన లేచిపోతాడని ఆమెకి తెలుసు.

"నీకు రెండేళ్ళప్పుడు" అన్నాడు చివరికి. "కర్ణాటకలో పొగాకు బ్యారన్‌లో ఆకు కాల్చే పనికి పోయానని మీకు చెప్పాం చూడు. పోలేదు. నలభై రోజులు సబ్ జైల్లో ఉన్నా."

ఆ ఏడు పత్తికి పురుగు పట్టింది. అద్దంకిలో ఒక కొట్లో మందు తెచ్చి కొట్టారు. మూడుసార్లు కొట్టినా ఒక్క పురుగూ చావలేదు. నాలుగోసారి కొట్టాక బుల్లయ్య ఆకు తిప్పి చూస్తే, మందు తడి మీదే పురుగు పాకుతోంది. డబ్బాలో మందు కాదు, రంగునీళ్ళు అని ఊరంతా తేల్చుకున్నారు. ముప్పై మంది ట్రాక్టరెక్కి అద్దంకి వెళ్ళారు. కొట్టు యజమాని అప్పటికే పారిపోయాడు. షట్టరు సగం దించి ఉంది.

"అందరూ అరుస్తున్నారు. నేనూ అరిచా. కింద కంకరరాయి కనపడింది. లోపల అద్దాల బీరువాలో ఆ డబ్బాలే వరసగా పెట్టి ఉన్నై. వాటిని చూస్తే నాకు ఒళ్ళు తెలీలా. విసిరా." బుల్లయ్య తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. "బీరువా వెనకాల మనిషున్నాడు. గుమాస్తా. ఖాజావలని. భయపడి అక్కడ కూర్చున్నాడు. నాకు కనపళ్ళా. అద్దం పగిలి ఆ పెంకు ఆయన కంట్లోకి పోయింది."

"ఏ కన్ను?" అంది నాగజ్యోతి.

"ఎడమ కన్ను. చూపు పోయింది."

"తర్వాత?"

"తర్వాతేముంది. పోలీసులు తీసుకుపోయారు. ఏడాది తిరిగాక కేసు కొట్టేశారు." ఆయన గొంతు తగ్గించాడు. "నేనట్టాంటోణ్ణని మీకు తెలియకూడదనుకున్నా. మీ అమ్మతో ఒట్టేయించుకున్నా."

ఆమె ఫారం సంగతి చెప్పింది. పదిహేడో ప్రశ్న చెప్పింది.

"కేసు కొట్టేశారుగా. ఇంక ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు బుల్లయ్య.

"లేదని రాసి సంతకం పెట్టాను నాన్నా."

"తెలియక పెట్టావు. అది అబద్ధం కాదు."

"పొద్దుటిదాకా కాదు."

బుల్లయ్య ముఖంలో కోపం రాలేదు. భయం కనపడింది. ఎండకీ మందు వాసనకీ లొంగని మనిషి అలా బెదరడం ఆమె ఎప్పుడూ చూడలేదు. "రాయొద్దమ్మా" అన్నాడు. "నువ్వు ఏడాదిబట్టీ చదువుతున్నావు. నావల్ల అది పోతే నేను తట్టుకోలేను. ఊళ్ళోనే అందరూ మర్చిపోయారు. నువ్వు తవ్వొద్దు."

లేచి, స్ప్రేయరు భుజానికి తగిలించుకుని, ఇంటివైపు నడిచాడు. ఆ రోజూ మర్నాడూ కూతురితో మాట్లాడలేదు. ఆమె అన్నం పెడితే తిన్నాడు, మంచినీళ్ళిస్తే తాగాడు, అంతే.

ఆ రెండు రోజులూ నాగజ్యోతి చాలా రకాలుగా ఆలోచించింది. తండ్రి చెప్పింది అబద్ధమని ఆమె అనుకోలేదు. కానీ ఏ సంఘటననైనా ఒక మనిషి చెప్పినంత మాత్రాన రిపోర్టు రాయకూడదని ఆమెకి ఉద్యోగంలో నేర్పారు. రెండోవైపు మనిషి ఉన్నాడో లేడో, ఉంటే ఏమంటాడో తెలియకుండా ఆ జవాబు ఎలా దిద్దుతుంది? అయితే అది ఒక్కటే కారణం కాదు. తండ్రి వల్ల కన్ను పోయిన మనిషిని చూడకుండా తిరిగి డ్యూటీకి వెళ్ళిపోవడం ఆమెకి మనస్కరించలేదు.

మూడో రోజు బస్సెక్కి అద్దంకి వెళ్ళింది. ఖాజావలి అనే పేరు చెబితే బస్టాండు పక్కనే ఇద్దరు చెప్పారు. స్ప్రేయర్లు బాగుచేసే కొట్టు, పెట్రోలు బంకు దాటాక కుడిచేతి వైపు.

యాభై దాటిన మనిషి బల్ల మీద మోటారు విప్పి పెట్టుకుని దాని మీదకి వంగి ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకున్నాడు. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది.

"ఖాజావలి గారంటే మీరేనాండీ?"

"నేనేనమ్మా. ఏ కంపెనీది?"

"స్ప్రేయరు కోసం రాలేదండి. నేను బుల్లయ్య గారి కూతుర్ని."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఏ బుల్లయ్య అని అడగలేదు. ఆమెని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, స్టూలు లాగి చూపించాడు. "కూర్చో తల్లీ. మిలిటరీలో ఉన్నావంట గదా. విన్నాన్లే."

తను ఎందుకు వచ్చిందో నాగజ్యోతి దాచకుండా చెప్పింది. అంతా విని ఖాజావలి బల్ల మీది మోటారు పక్కకి జరిపాడు.

"ఇప్పుడు కోపం లేదంటే నమ్మొచ్చు. ఉండేది కాదంటే మాత్రం నమ్మబాక" అన్నాడు. "చాలా ఏళ్ళుండేది. మా ఆవిడ సైమా అయితే మీ ఊరి పేరే ఎత్తనిచ్చేది కాదు. ఆ కొట్టోడు మళ్ళీ ఇటు రాలేదు. వాడు చేసిందానికి నేను పడ్డా."

"మా నాన్న విసిరిన రాయే కదండీ."

"ఆయనదేనని ఆయనే చెప్పాడు. నేను చూళ్ళేదు. కోర్టులో కూడా చూళ్ళేదనే చెప్పా. నిజంగానే చూళ్ళేదు, ఎట్టా చెప్తా? అందుకే కేసు కొట్టేశారు." ఖాజావలి కళ్ళద్దాలు కిందకి దించుకున్నాడు. "మీ నాయన నీకు మొత్తం చెప్పాడా?"

"చెప్పాడండి."

"నన్ను ఎత్తుకుపోయింది చెప్పాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చెప్పడులే. నేను అరిచేసరికి ముప్పై మందీ పారిపోయారు. ట్రాక్టరు కూడా పోయింది. ఒక మనిషి మాత్రం షట్టరు కింద దూరి లోపలికొచ్చాడు. నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తాడు. దారిపొడుగునా ఏడుస్తానే ఉన్నాడు. నా రక్తం ఆయన చొక్కా మీద, ఆయన కన్నీళ్ళు నా మీద. పోలీసులొచ్చేదాకా బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. వాళ్ళు రాగానే లేచి, నేనే విసిరానండీ అన్నాడు. ఆయన కూడా పారిపోయుంటే ఎవరు విసిరారో ఇవాల్టికీ ఎవరికీ తెలీదు."

నాగజ్యోతి చున్నీతో ముఖం తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకుంది. ఖాజావలి పక్క కొట్టుకి కేకేసి రెండు టీలు తెప్పించాడు.

"మరి మిగతావాళ్ళ పేర్లు?" అని అడిగింది టీ తాగుతూ.

"చెప్పలా. పోలీసులు చాలా రకాలుగా అడిగారని విన్నా. మా ఊరోళ్ళు అరిచారే గానీ రాయి ఎత్తింది నేనొక్కణ్ణే అన్నాడంట." ఖాజావలి ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు. "రాసుకో తల్లీ. ఎవరన్నా అడగాలంటే నా ఫోన్ నంబరు కూడా రాసుకో. వాళ్ళకీ ఇదే చెప్తా. ఎక్కువా చెప్పను, తక్కువా చెప్పను."

ఆమె ఇల్లు చేరేసరికి బుల్లయ్య వసారాలో గోనెసంచులు కుడుతున్నాడు. ఎక్కడికెళ్ళావని ఆయన అడగలేదు. ఆమే చెప్పింది.

"ఖాజావలి గారిని చూసొచ్చాను నాన్నా."

బుల్లయ్య చేతిలో దబ్బనం ఆగింది. లోపలినుంచి రాజ్యం గడపలోకి వచ్చి నిలబడింది.

"ఎట్టున్నాడు?" అన్నాడు బుల్లయ్య.

"బాగానే ఉన్నారు. కొట్టు నడుపుకుంటున్నారు. ఇద్దరాడపిల్లలకి పెళ్ళిళ్ళయినాయంట. నువ్వు ఆసుపత్రికి మోసుకెళ్ళిన సంగతి చెప్పారు. నువ్వెందుకు చెప్పలేదు?"

"దాందేముంది. నేను చేసిందానికి నేను మొయ్యక ఎవరు మోస్తారు? అదొక గొప్పని చెప్పుకోవాలా?" అన్నాడు బుల్లయ్య.

"గొప్పని కాదు. జరిగింది కాబట్టి చెప్పాలి."

ఆయన మళ్ళీ సంచీ కుట్టడానికి వంగాడు. రెండు కుట్లు వేశాడు. అప్పుడు రాజ్యం మాట్లాడింది. ఆ రెండు రోజులుగా ఆమె ఎటూ మాట్లాడలేదు.

"ఇరవై మూడేళ్ళు దాచావయ్యా. ఎవరన్నా పోలీసు బండి ఊళ్ళోకొస్తే నీకు అన్నం దిగదు. పిల్లలు కర్ణాటకలో ఏ ఊరు నాన్నా అనడిగితే నువ్వు లేచి బయటికి పోతావు. నేను చూస్తానే ఉన్నా. నాకూ విసుగొచ్చింది. రాయనీ."

బుల్లయ్య దబ్బనం సంచీకి గుచ్చి వదిలేశాడు. "రాయి" అన్నాడు కూతురితో. "రాసేదైతే మొత్తం రాయి. కన్ను పోయిన సంగతి వదలొద్దు. చిన్న దెబ్బ తగిలింది అని రాయబాక."

నాగజ్యోతి తెల్లకాగితాలు తెచ్చుకుంది. ఆయన చెప్పాడు, ఆమె రాసింది. మధ్యలో ఆయన రెండుసార్లు ఆపి దిద్దించాడు. ముప్పై మంది కాదు, ఇరవై ఎనిమిది మంది. కొట్టు తలుపు తెరిచి లేదు, షట్టరు సగం దించి ఉంది. అన్నీ అయ్యాక ఆమె చదివి వినిపించింది. "కింద నేను కూడా సంతకం పెట్టొచ్చా?" అని అడిగాడు. అవసరం లేదని ఆమె చెప్పలేదు. కాగితం ఇచ్చింది. ఆయన ఒక్కొక్క అక్షరం ఒత్తి రాసి, పక్కన తారీఖు కూడా వేశాడు.

సెలవు అయ్యాక యూనిట్‌కి వెళ్ళిన మొదటి రోజే ఆమె ఆ కాగితాలు, వాటి హిందీ అనువాదం తీసుకుని హెడ్ క్లర్కు సుబేదారు దగ్గరికి వెళ్ళింది. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసు మనిషి, ఆమె మంచి కోరేవాడు. పూర్తిగా చదివి కళ్ళజోడు తీశాడు.

"బేటీ, మీ ఊరి పోలీసుల రిపోర్టు నిన్ననే వచ్చింది. మీ కుటుంబం మీద ఏమీ లేదని రాశారు. పాత కేసు, కొట్టేసిన కేసు, రికార్డులు ఎక్కడున్నాయో వాళ్ళకే తెలియదు. నువ్వు ఇది ఫైల్లో పెడితే నీ జవాబు నువ్వే తప్పని చెప్పుకున్నట్టు. పంపమంటావా?"

"పంపండి సాబ్."

"ఇంకోసారి ఆలోచించుకో."

"సెలవులో ఆలోచించుకునే వచ్చాను సాబ్."

ఆయన నిట్టూర్చి, రిజిస్టరులో ఎక్కించి, ముద్ర వేశాడు.

నెలన్నర దాకా ఏ కబురూ రాలేదు. ఆమెతోపాటు దరఖాస్తు పెట్టిన ఇద్దరికి పిలుపు వచ్చింది, ఆమెకి రాలేదు. గేటు దగ్గర నిలబడి పాసులు చూస్తూ, ఇంక ఇంతేనేమో అని సర్దిచెప్పుకోవడం మొదలుపెట్టింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తండ్రి అడగకుండా ఉండడమే ఆమెకి ఎక్కువ బాధగా ఉండేది. ఏప్రిల్ ఆఖరున పిలుపు వచ్చింది.

పరీక్షలు మూడు రోజులు. మొత్తం పంతొమ్మిది మంది, వాళ్ళలో ఆడవాళ్ళు ఇద్దరు. మొదటి రోజు రాతపరీక్ష. రెండో రోజు ఒక్కొక్కరినీ ఒక గదిలోకి పంపి, రెండు నిమిషాల తర్వాత బయటికి పిలిచి, చూసినవన్నీ రాయమన్నారు. ఆమె నలభై ఒక్క వస్తువులు రాసింది. గోడ గడియారం రాసింది కానీ అది ఆగిపోయి ఉందని గమనించలేదు. ఆ మాట బయటికి వచ్చాక ఇంకొకరు చెబితే తెలిసింది. ఆ పూటంతా అదే మనసులో కెలికింది.

మూడో రోజు ఇంటర్వ్యూ. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో నెరిసిన జుట్టుతో ఒక కర్నలు. ఆయన ముందు బుల్లయ్య సంతకం పెట్టిన కాగితం ఉంది. తెలుగు అక్షరాలు దూరంనుంచే ఆమెకి కనిపించాయి.

"లేదు అని రాశావు. నెలలోపే అవును అని దిద్దావు. ఏ జవాబు నమ్మాలి మేము?" అన్నాడు కర్నలు.

"రెండోది సార్. మొదటిది తెలియక రాశాను."

"పోలీసు రిపోర్టులో ఏమీ లేదు. ఆ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు సార్. తెలిశాకే ఇచ్చాను."

"ఇది మీ నాన్న రహస్యం. ఆయన దాచుకున్నదాన్ని నువ్వు తెచ్చి మా బల్ల మీద పెట్టావు. ఆయనకి చెప్పి పెట్టావా, చెప్పకుండానా?"

"చెప్పి పెట్టాను సార్."

"వెంటనే ఒప్పుకున్నాడా?"

"లేదు సార్. రాయొద్దని అడిగాడు. మూడో రోజు ఒప్పుకున్నాడు."

"ఒప్పుకోకపోయి ఉంటే?"

"అప్పుడూ రాసేదాన్ని సార్. కానీ ఇంటికి వెళ్ళాలంటే భయపడుతూ ఉండేదాన్ని. ఆయన ఒప్పుకోవడం నా అదృష్టం."

పక్కన కూర్చున్న అధికారిణి మొదటిసారి తలెత్తి చూసింది. "ఆయన తోటివాళ్ళ పేర్లు పోలీసులకి చెప్పలేదు. ఆ కేసు నీకు ఇచ్చి ఉంటే, అలాంటి మనిషిని ఏమనుకునేదానివి?"

"ముందు అనుమానించేదాన్ని మేడం. ఎవరినో కాపాడుతున్నాడని. తర్వాత దెబ్బ తిన్న మనిషి దగ్గరికి వెళ్ళి అడిగేదాన్ని."

"వెళ్ళావా?"

"వెళ్ళాను మేడం. ఆయన ఫోన్ నంబరు రెండో పేజీలో ఉంది."

"ఉంది. మేము కూడా మాట్లాడాం" అన్నాడు కర్నలు. ఆయన ముఖంలో ఏమీ తెలియలేదు. "చివరి ప్రశ్న. ఈ ఉద్యోగంలో నీ కుటుంబం బలహీనత తెలిసినవాడు నిన్ను బెదిరించవచ్చు. మీ నాన్న జైలు సంగతి బయటపెడతానని ఒకడు ఫోన్ చేశాడనుకో. ఏం చేస్తావు?"

"జనవరిలో చేసి ఉంటే భయపడేదాన్ని సార్. ఇప్పుడు చేస్తే, ఆ కాగితం మా కర్నలుగారి బల్ల మీద ఉంది, వెళ్ళి చదువుకోమంటాను. తర్వాత వాడు ఏ నంబరు నుంచి చేశాడో మీకు రిపోర్టు రాస్తాను."

కర్నలు కాగితాలు మూసి, ఇక వెళ్ళమన్నాడు. గదిలోంచి బయటికి వచ్చాక కూడా బాగా చేశానో లేదో ఆమెకి తెలియలేదు. కానీ అడిగినదానికల్లా ఉన్నదే చెప్పానన్న తెరిపి మాత్రం ఉంది. ఆ పూట మెస్సులో రెండు పూటల అన్నం తిన్నది.

ఫలితాలు మే నెల మూడో వారంలో వచ్చాయి. పంతొమ్మిది మందిలో ఆరుగురు. నాలుగో పేరు ఆమెది. ముందు పుణెలో శిక్షణ, తర్వాత ఒక ఏడాది పనితీరు చూసి ఖాయం చేస్తారు. హెడ్ క్లర్కు సుబేదారు ఆమెని పిలిచి ఆర్డరు చేతికిచ్చాడు. "నేను వద్దన్నాను. నా సలహా వినకపోవడం మంచిదయింది" అని నవ్వాడు.

పుణె వెళ్ళేముందు ఆరు రోజులు ఇంటికి వెళ్ళనిచ్చారు. అప్పటికి తొలకరి పడింది. నల్లరేగడి పొలాల్లో పత్తి గింజలు నాటుతున్నారు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఆమె తమ్ముడు శ్రీకృష్ణ కూడా వచ్చాడు. అతనికి తండ్రి సంగతి ఎలా చెప్పాలా అని నాగజ్యోతి దారిపొడుగునా ఆలోచించుకుంది. తీరా చూస్తే అతనికి అంతా తెలుసు.

"నాన్న మొన్న సరుకుతో గుంటూరు వచ్చాడక్కా" అన్నాడు శ్రీకృష్ణ. "నన్ను బయటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. ఆయనంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆ వారం రాజ్యానికి ఒకటే సందేహం. "ఏ పనిలో చేరావని నలుగురూ అడుగుతారు గదా. ఏం చెప్పమంటావు?"

"బదిలీ అయిందని చెప్పమ్మా. అది చాలు."

"అబద్ధం గాదుగా?"

"కాదు. నిజంగానే బదిలీ."

బయలుదేరే రోజు మధ్యాహ్నం బుల్లయ్య ఆమెని మోటారుసైకిలు మీద ఒంగోలు స్టేషనుకి తీసుకెళ్ళాడు. రైలు గంట ఆలస్యం. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. బుల్లయ్య ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కాసేపయ్యాక అడిగాడు.

"అక్కడ వాళ్ళు నా సంగతి ఇంకా అడుగుతారా?"

"అడగొచ్చు నాన్నా. ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతూనే ఉంటారు."

"అడగనీ. నన్ను రమ్మంటే నేనే వచ్చి చెప్తా" అన్నాడు బుల్లయ్య.

రైలు వచ్చింది. ఆయన పెట్టె ఎత్తి లోపల సీటు కింద సర్ది, దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పక్కన ఎవరినో ఎక్కించడానికి వచ్చిన పంచెకట్టు పెద్దమనిషి, నాగజ్యోతి యూనిఫాం చూసి అడిగాడు.

"మీ అమ్మాయాండీ?"

"మా అమ్మాయే. మిలిటరీ. పుణెకి బదిలీ మీద పోతోంది."

"ఏ డిపార్ట్‌మెంటండీ?"

బుల్లయ్య కూతురి వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటోంది. ఆయన పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"నా గురించి ఏమన్నా అడగండి, చెప్తా. అది మాత్రం అడగబాకండి" అన్నాడు.

రైలు కదిలింది. కిటికీలోంచి నాగజ్యోతి చూస్తూనే ఉంది. ఆయన చెయ్యి ఊపడం అయ్యాక, ఆ పెద్దమనిషితో కలిసి మెట్ల వైపు నడుస్తూ, చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు.